కట్టిన చెయ్యి

తాగుడు ముందా, దిగులు ముందా అని విశాఖపట్నం డాక్టరుగారు నన్ను అడిగారు. జవాబు చెప్పడానికి నాకు చాలాసేపు పట్టింది. తెలియక కాదు. తెలిసినా అంతవరకు ఆ మాట ఎవరితోనూ అనలేదు గనక.

దిగులే ముందు. అరవై ఏడులో తొలకరి పడ్డాక మా తమ్ముడు కూర్మయ్య మెట్టచేలో అరక కట్టాడు. మేడి పట్టుకుని మొదటి సాలు దగ్గరే నిలబడిపోయాడు. ఎద్దులు రెండుసార్లు తల తిప్పి చూశాయి. పక్క చేలో గట్టు చెక్కుతూ నేనూ చూశాను. ఏమైందిరా అని అడగలేదు. మా ఇంట్లో మగవాళ్లం ఒకరినొకరం అలాంటివి అడుక్కోం. చాలాసేపటికి ఎద్దులే కదిలాయి, వాడు వాటి వెనకాల నడిచాడు.

సారా ఆ తరవాత, గోగునార పనుల్లో వచ్చింది. మా వైపు గోగు కోసి, కట్టలు కట్టి, గెడ్డలో, అంటే వాగులో, నీళ్లు నిలిచేచోట ఊరేస్తారు. పైన మట్టిపెళ్లలు పేర్చి ముంచుతారు. పదిహేను, ఇరవై రోజులకు అది కుళ్లుతుంది. అప్పుడు నడుంలోతు నీళ్లలో పొద్దుటినుంచి సాయంత్రం దాకా నిలబడి నార తియ్యాలి. ఆ కంపు అన్నం ముద్దలోకి కూడా వస్తుంది. ఒంటికి దురద, కాళ్లకు జలగలు, పైనుంచి చలి. అందుకని ప్రొహిబిషన్ ఉన్న రోజుల్లో కూడా దిగే ప్రతివాడికీ ఒక గుక్క సారా పోసేవారు. నార ఎండి, బళ్లెక్కి నెల్లిమర్ల జనపనార మిల్లుకు వెళ్లిపోయాక అందరూ మానేశారు. కూర్మయ్య మానలేదు.

ఏడాది గడిచింది. ఒక రోజు వాడి భార్య తాయారు మా వాకిట్లోకి వచ్చి, స్తంభం చాటున నిలబడి చెప్పింది.

"బావా, తాగితే ఏడుస్తాడు. తాగకపోతే ఏడవడానికి కూడా మంచం మీంచి నెగడు. తాగినోడితో ఏగగలను గానీ, ఆ నెగని మడిసితో ఏగనేకపోతన్నాను."

అప్పుడు కదిలాను. చీపురుపల్లిలో రైలెక్కించి వాల్తేరులో దింపి, పెద్దాసుపత్రికి తీసుకెళ్లాను. అక్కడి డాక్టరు లక్ష్మీనరసింహంగారు, నెమ్మదిగా మాట్లాడే మనిషి. నేను చెప్పిందంతా విని ఇలా అన్నారు.

"మీవాడికి ఉన్నవి రెండు జబ్బులు. సారా మాన్పించి దిగులును వదిలేస్తే మళ్లీ సారా దగ్గరికే పోతాడు. దిగులుకు మాత్రలిచ్చి సారా తాగనిస్తే మాత్రలు పనిచెయ్యవు. రెండూ కలిపి చూడాలి. బాగున్నాడని మీకు అనిపించినా సరే, నేను చెప్పేదాకా మాత్రలు ఆపకండి."

మూడు వారాలు వార్డులో ఉంచారు. మొదటి వారం చేతులు వణికి, లేని పురుగులను ఒంటిమీంచి దులుపుకున్నాడు. రెండో వారం పడుకున్నాడు. మూడో వారం గంజి ఇంకొంచెం పొయ్యమని అడిగాడు. ఆ అడగడం విని తాయారు వరండాలోకి వెళ్లిపోయింది.

ఇంటికి వచ్చాక ఒక నెల వాడు మా పాత కూర్మయ్యే. పశువుల శాల కప్పు వాడే నేశాడు. వీధిలో పక్కింటి చినబాబు ఎదురై, "ఏటి కూర్మయ్యా, పట్నం నీల్లు బాగా పడ్డాయేటి? బుగ్గలొచ్చీసినాయి!" అంటే, "నువ్వూ ఎల్లరా. ఆల్లు రెండు పూటలా అన్నమెడతారు. మీ ఇంటిది ఒక పూట అన్నం, ఒక పూట తిట్లు కదేటి" అన్నాడు. చినబాబు భార్య గోడ అవతలినుంచి, "ఓలమ్మా, నోరొచ్చీసినాది కూర్మయ్యకి!" అని నవ్వింది. అరుగుల మీదివాళ్లంతా నవ్వారు.

మాత్ర వేసుకుంటే మధ్యాహ్నానికి రెప్పలు వాలిపోయేవి. నోరు ఎండిపోయి మాట కొంచెం ముద్దగా వచ్చేది. మా అమ్మ లక్ష్మణమ్మకు అది నచ్చలేదు. తాగి రెప్పలు వాలిన కొడుకును ఏడాది పాటు చూసి ఉంది మరి.

దసరా వెళ్లిన మంగళవారం వాడిని అసిరితల్లి గుడికి తీసుకెళ్లింది. మా ఊళ్లో తాగుడు మానిన మనిషి చేత అక్కడ ఒట్టు వేయిస్తారు. కర్పూరం వెలిగించి, కన్నవాళ్లు ఎవరో ఒకరు కుడి చేతికి పసుపుతాడు కడతారు. కట్టిన చెయ్యే మళ్లీ విప్పాలి. వేరే చెయ్యి విప్పితే ఆ ఇంటి పసిపిల్లలకు తగులుతుందని నమ్మకం. కట్టిన చెయ్యే విప్పితే ఆ మనిషికి ఏమవుతుందో ఎవరూ చెప్పరు; విప్పించుకున్నవాళ్లను మాత్రం నేను చూడలేదు.

పూజారి రాముడు ముసలివాడు, మంచివాడే. "కల్లు గానీ, సారా గానీ, నల్లమందు గానీ, మడిసిని తూలించేది ఏదీ నోటెట్టనని అను" అన్నాడు.

కూర్మయ్య అన్నాడు.

అమ్మ తాడు పట్టుకుని ఆగింది. "రాముడూ, ఈడు మాత్రలేసుకుంతన్నాడు. ఏసుకుంటే తూలతన్నాడు. మరదేటి?"

రాముడు కర్పూరం బిళ్ల ఇంకొకటి వేశాడు. "అమ్మా, నాకేటి తెలుస్తాది? తూలితే తూలినట్టే కదా. తల్లి దగ్గరకొచ్చి, ఒక సెయ్యి తల్లికీ ఒక సెయ్యి మాత్రకీ ఇస్తే ఎలాగ?"

కూర్మయ్య తల తిప్పి నా వైపు చూశాడు. డాక్టరు మాట విన్నది నేను. ఇంటికి పెద్దకొడుకును నేను. అమ్మా రాముడూ కాక గుడి ముందు ఓ ఇరవై మంది ఉన్నారు. నేను కర్పూరం వైపు చూశాను. అది ఆరిపోయేదాకా చూశాను.

అమ్మ తాడు కట్టి మూడు ముళ్లు వేసింది. ఇంటికి వచ్చి, మాత్రల పొట్లం గెడ్డలో పడేసింది.

కూర్మయ్య ఒట్టు తప్పలేదు. ఆ ఏడు గోగు పనుల్లో అందరితో పాటు నీళ్లలోకి దిగాడు. పక్కనే సీసా తిరుగుతుంటే ఒక్క గుక్క ముట్టలేదు. ఊళ్లో ఆడవాళ్లు తమ మొగుళ్లకు వాడిని చూపించారు. "అల్లదిగో, ఆడూ మగోడే. సూసి బుద్ధి తెచ్చుకో" అనేవారు. అమ్మ నడకే మారిపోయింది. చూసేవాళ్లందరికీ వాడు బాగుపడ్డాడు.

నేను పక్కన నిలబడి నార తీసేవాణ్ని గనక నాకు వేరే కనబడింది. గోగుకర్ర మొదలు తట్టి, విరిచి, నార చేతికి చుట్టుకుని ఒక్క గుంజు గుంజితే కర్ర ఊడి వస్తుంది. నేను ఇరవై తీసే లోపల వాడు ఒకటి తీసేవాడు. ఆ ఒకటీ చేతికి చుట్టుకుని అలాగే ఉండిపోయేవాడు. జలగ పట్టినా పీక్కునేవాడు కాదు. తాయారు మళ్లీ వచ్చింది. "బావా, అన్నం కంచం ముందెడితే అదేదో దూరంగా ఉన్నట్టు సూస్తన్నాడు. పట్నం తీసుకెల్దాం" అంది. ఈ నార అయిపోనీ అమ్మా, అన్నాను.

నార అవలేదు. మార్గశిరంలో ఒక మధ్యాహ్నం అందరం గట్టెక్కి అన్నాలకు కూర్చున్నాం. వాడు రాలేదు. వెనక్కి వెళ్లి చూశాను. లోతు ఉన్నచోట, ఊరేసిన కట్టల మధ్య, నీళ్లలో కూర్చుని ఉన్నాడు. గడ్డం దాకా నీళ్లు. మట్టిపెళ్లలు ఒళ్లో పేర్చుకున్నాడు. నేను దిగి రెక్క పట్టుకున్నాను.

"నెగరా."

"నెగనేకపోతన్నానన్నా" అన్నాడు. ఏడవలేదు. అడ్డం చెప్పలేదు. నేను పెళ్లలు ఒక్కొక్కటీ తీసి పక్కన పడేస్తుంటే, వేరెవరి పనో చూస్తున్నట్టు చూశాడు. నోట్లో సారా వాసన లేదు.

ఆ సాయంత్రం బండికే తాయారూ నేనూ వాడిని తీసుకెళ్లాం. డాక్టరుగారు నన్ను కసరలేదు. మాత్రలు ఎప్పుడు మానేశాడని అడిగారు. నేను నోరు తెరిచే లోపల కూర్మయ్యే, "నానే మానీసినాను బాబూ, మాయన్నకి తెలీదు" అన్నాడు. గెడ్డలోంచి తీశాక వాడన్న మాట అదొక్కటే. నేను అది అబద్ధమని చెప్పాలి. చెప్పలేదు.

నర్సు మాత్ర తెస్తే కూర్మయ్య పెదాలు బిగించాడు. కుడి చెయ్యి కడుపు కింద దాచుకున్నాడు.

"ఆ తాడు ఇలా ఇయ్యరా. నా సేతికి కట్టుకుంటాను. ఏటొచ్చినా నాకొస్తాది" అన్నాను.

"నీకు ఇద్దరు పసిగుంటలున్నారు. వద్దన్నా."

"మరేటి సెయ్యమంటావురా?"

"కట్టినోలే ఇప్పాల."

డాక్టరుగారు వరండాలోకి పిలిచారు. "ఇక్కడ ఉన్నన్నాళ్లూ బలవంతాన ఇంజెక్షన్లు ఇవ్వగలను. ఇంటికి వెళ్లాక ఏడాది పాటు ఎవరు బలవంతం చేస్తారు? మీ అమ్మగారిని తీసుకురండి."

తాయారును అక్కడ ఉంచి ఒక్కణ్నే వచ్చాను. అమ్మ వాకిట్లో చింతపండు గింజ తీస్తోంది. సంగతి చెప్పాను. గింజ తీస్తూనే అంది.

"నాను ఇప్పను. తల్లికి ఇచ్చిన మాట. తాగుబోతు కొడుకుని మడిసిని సేసినాది ఆ తల్లి."

"తాగుడు మానినాడు. మడిసి అవనేదు."

"నోరు ముయ్యి. ఊరంతా సూసినాది."

"ఊరు సూసినాది సేతికున్న తాడు. అమ్మా, ఆడు తాగీసి గెడ్డలో కూర్చోనేదు. తాగకుండానే కూర్చున్నాడు. మట్టిపెల్లలు ఒల్లో ఎట్టుకుని కూర్చున్నాడు. ఆ రోజు గుడి కాడ ఆడు నాకేసి సూసినాడు. డాక్టరు సెప్పిన మాట నాకు తెలుసు. తెలిసీ నాను అననేదు. ఇప్పుడంతన్నాను."

నేను అమ్మతో ఒక్కసారిగా అన్ని మాటలు అనడం అదే మొదలు. అమ్మ చేతిలో గింజ చేతిలోనే ఉంది.

"తల్లి ఊరుకోదురా జగన్నాదం. ఎవులికో ఒకరికి తగులుతాది" అంది చివరికి. తరవాత లేచి, చేతులు కడుక్కుని, ఉతికిన కోక కట్టుకుంది.

అమ్మ అంతవరకు రైలెక్కలేదు. దారి పొడుగునా కిటికీలోంచి చూడకుండా తన చేతులు చూసుకుంటూ కూర్చుంది.

వార్డులో కూర్మయ్య గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు. "బాబూ" అని పిలిస్తే తిరిగాడు, కానీ కళ్లు అమ్మ మీద నిలవలేదు. అమ్మ వాడి చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకుంది. ముళ్లు నీళ్లలో నాని బిగుసుకుపోయి ఉన్నాయి. గోళ్లతో రాలేదు. నర్సు కత్తెర తెస్తానంటే వద్దంది. వంగి, మిగిలిన నాలుగు పళ్లతో ముడి పట్టి లాగింది. ఒక్కొక్క ముడికీ ఆగి ఊపిరి పీల్చుకుంది. మూడోది వచ్చాక తాడు కొంగున కట్టుకుని, పైకి చూడకుండా అంది.

"తల్లీ, కట్టినాది నానే, ఇప్పినాది నానే. మరెవుల జోలికీ రాకు, నా జోలికే రా."

మాత్ర తన చేత్తోనే వాడి నాలుక మీద పెట్టింది. కూర్మయ్య మింగాడు. మింగి, అమ్మ చెయ్యి వదలకుండా ఏడవడం మొదలుపెట్టాడు. అమ్మ ఏడవలేదు.

కూర్మయ్య బతికాడు. బతికాడనే చెప్పాలి. మరుసటి ఏడు రెండుసార్లు మళ్లీ తాగాడు. రెండుసార్లూ తాయారే రైలెక్కించింది. ఈ జబ్బుల దారే అంత, పడ్డప్పుడల్లా లేపాలి అన్నారు డాక్టరుగారు. మాత్రలు మానలేదు. చేనికి వెళ్తాడు, మొదటి సాలు దగ్గర ఆగడు. వీధిలో జోకులేసిన ఆ ఒక్క నెల మాత్రం మళ్లీ రాలేదు.

అమ్మ ఇక గుడి వైపు వెళ్లలేదు. చేనికి వెళ్లాలన్నా పొలాల మీదుగా చుట్టుదారిన నడిచేది. నా కూతురికి జ్వరం వస్తే, గుమ్మంలో కూర్చుని, "నాను సెప్పినాను కదా తల్లీ, నా జోలికి రమ్మని" అని గొణుక్కుంది. పిల్లకు తగ్గింది. అమ్మకు భయం తగ్గలేదు.

మరుసటి చలికాలం అమ్మకే జ్వరం తగిలింది. దగ్గు, ఆయాసం. చీపురుపల్లి నుంచి డాక్టరును తెచ్చాం. ఊపిరితిత్తులకు నెమ్ము చేరింది, మందు పడితే తగ్గుతుందన్నాడు. అమ్మ సూదికి చెయ్యి చాపలేదు, మాత్రకు నోరు తెరవలేదు. మంచం మీద ఆమె మొహం ఎంతో తేలిగ్గా ఉంది. వెతుక్కుంటూ రావలసినవాళ్లు సరైన ఇంటికే వచ్చారన్నట్టు ఉంది.

కూర్మయ్య పొద్దంతా పక్కనే కూర్చుని బతిమాలాడు. "నీ సేత్తో నాకెట్టినావు. నా సేత్తో ఏసుకోవేటి? నోరు తెరువమ్మా."

అమ్మ వాడి చెయ్యి పక్కకు తోసింది.

"నువ్వేసుకున్నావేటి ఈ పూట?" అని అడిగింది.

"ఏసుకున్నాను."

"సాల్లే" అని గోడ వైపు తిరిగింది.