జాలీకి పెట్టిన నూనె

రెండోసారి పోసిన గ్యాస్‌నూనె కూడా ఎర్రబడింది. జంగప్ప జాలీని డబ్బాలోంచి పైకి తీసి, కారినంత కారనిచ్చి, ఎడమ అరచేతికి నాలుగుసార్లు తట్టాడు. రేకు సొట్టపోకూడదు, అందుకే అరచెయ్యి. మోమిన్‌పేట్ దారి మట్టి నలకలు నలకలుగా చేతిలోకి రాలింది. డబ్బా ఒంపేసి మూడోసారి గ్యాస్‌నూనె పోశాడు. వికారాబాద్ బజారులో కిరసనాయిలు కావాలంటే దుకాణదారు మొహం చూస్తాడు. అక్కడ అది గ్యాస్‌నూనె.

జాలీ పెద్ద వస్తువేం కాదు. పశువుల దవాఖాన ఫట్‌ఫటీకి, అంటే మోటారు సైకిలుకి, ఇంజను పక్కన బిగించిన చిన్న పళ్ళెమంత గుండ్రటి రేకు. చుట్టూ చిల్లులు, లోపల ఇనుప తీగల అల్లిక. ఇంజను పీల్చే గాలి అందులోంచే పోవాలి. దానికి మూత లేదు, మరుగు లేదు. దారిలో లేచిన దుమ్మంతా ముందు దాని మొహాన్నే కొడుతుంది. పటాలం వాళ్ళు వాడి వదిలేసిన బండి అది. మూత మొదట్నుంచీ లేదో, ఏ సిపాయి పోగొట్టాడో ఎవరికీ తెలియదు.

ఇంజను వైపున్న రంధ్రానికి జంగప్ప పాత ధోవతి గుడ్డ కట్టాడు. జాలీ విప్పిన ప్రతిసారీ అలా కడతాడు. నలకంత రాయి లోపల పడినా ఇంజనుకు చేటేనని అతని భయం.

నలభై ఎనిమిదేళ్ళ మనిషి. చూసినవాళ్ళు అరవై అంటారు. సన్నగా, పొడుగ్గా, రెండు భుజాలూ ముందుకి వంగి, ఎప్పుడూ తక్కువ ఎత్తు గుమ్మంలోంచి వస్తున్నట్టు ఉంటాడు. ఎడమ బొటనవేలికి గోరు లేదు. పన్నెండో ఏట మొదలుపెట్టి ఇరవై మూడేళ్ళు తాండూరులో బండల గనిలో పనిచేశాడు. గోరు సుత్తి కిందికి పోయింది, ఊపిరితిత్తుల్లో రాతిపొడి మిగిలింది. ఆ తర్వాత ఈ దవాఖానలో చప్రాసి పని దొరికింది. ఊడ్వడం, నీళ్ళు నింపడం, డాక్టరు సూది వేసేటప్పుడు ఎద్దు ముక్కుతాడు పట్టుకోవడం అతని పనులు. జాలీ కడగడం ఆ పనుల్లో లేదు. అయినా పదకొండేళ్ళుగా బండి బయటికి వెళ్ళివచ్చిన మర్నాడల్లా దాన్ని కడుగుతూనే ఉన్నాడు. వారానికోసారి చాలని డాక్టరు ఎన్నిసార్లు చెప్పినా వినలేదు.

డాక్టరు ఖుర్షీద్ వరండాలోకి వచ్చి నిలబడ్డాడు. లోపల ఆయన పెట్టెలకు తాళ్ళు కట్టేసి ఉన్నాయి. నిజామాబాద్‌కు బదిలీ. సాయంత్రం ఐదు గంటల రైలు.

"ఇయ్యాల ఎందుకు జంగప్పా? నేను పోతున్న. బండి ఎక్కడికీ పోదు."

"రేపొచ్చే సాబ్‌కు కావాలె కద సాబ్."

డాక్టరు నవ్వి లోపలికి వెళ్ళబోయి ఆగాడు. జంగప్ప దగ్గు మొదలైంది. అది అయ్యేవరకూ వినడం ఆయనకు అలవాటు.

"నేను చూసేది పశువులను. గా దగ్గు ఒక ఎద్దు దగ్గితే పని మాన్పించి కొట్టంల కట్టెయ్యమంట. మనుషుల డాక్టర్‌కు చూపించుకో అని ఎన్ని దినాల సంది చెప్తున్న?"

"చూపిస్త సాబ్."

ఈ జవాబు కూడా పదకొండేళ్ళనాటిదే. చూపిస్తే ఏం చెబుతారో జంగప్పకు తెలుసు. పని మానెయ్యమంటారు. మానేస్తే జాలీ ఎవరు కడుగుతారు? నిజానికి ఇవాళ అతని దిగులు దగ్గు గురించి కాదు. డాక్టరు రైలెక్కేలోగా ఒక మాట చెప్పాలి. పదకొండేళ్ళుగా చెప్పాలనుకుని చెప్పలేకపోయిన మాట. ఇవాళ చెప్పకపోతే ఇక చెప్పడానికి మనిషి ఉండడు.

జాలీని నీడలో, రాతి బండ మీద బోర్లించి ఆరబెట్టాడు.

ఆ మాట వెనక ఉన్న కథ ఇదీ. డాక్టరు ఖుర్షీద్ హైదరాబాద్ మనిషి. కొత్తలో ఆయనకు తన తెలుగంటే మహా ముచ్చట. ప్రతి మాటా తెలుగులోనే చెప్పాలని పట్టు. బండి తనకు అప్పగించిన మొదటి వారం జంగప్పను పిలిచి, "గ్యాస్‌నూనెతో కడుగు. ఆరబెట్టు. నూనె పెట్టు. బిగించు" అన్నాడు. ఇంజన్ ఆయిల్ అని ఇంగ్లీషులో అనుంటే ఏ గొడవా ఉండేది కాదు. శుద్ధంగా నూనె అన్నాడు.

నూనె అంటే ఆ చుట్టుపక్కల కుసుమ నూనె. కూరలో పోసేదీ, తలకు రాసేదీ అదే. సర్కారు బండికి తక్కువ చెయ్యకూడదని జంగప్ప ఇంటికి వెళ్ళి, భార్య భీమమ్మ చూడకుండా కొత్త నూనె ఒంపుకొచ్చి, జాలీని అందులో ముంచి తీశాడు. తీగల తడికి దుమ్ము అతుక్కుంటుంది, అందుకే నూనె. ఆ సంగతి అతను సరిగ్గానే గ్రహించాడు. అయితే కుసుమ నూనె గాలికి ఆరి బంకవుతుంది. నూనె డబ్బా మూతి చుట్టూ పేరుకున్న జిగురును భీమమ్మ గోటితో గీకడం అతను రోజూ చూసేవాడే. చూసినదేదీ ఆ పూట గుర్తుకు రాలేదు.

ఐదో రోజున మోమిన్‌పేట్ దారిలో ఎత్తు ఎక్కుతూ బండి ఊపిరాడక ఆగిపోయింది. డాక్టరు రెండు మైళ్ళు దాన్ని నెట్టుకుంటూ వెళ్ళాడు. పెద్దయ్య అనే రైతు ఎద్దుకు కడుపుబ్బరం. సమయానికి చేరితే డొక్కలో సూది గుచ్చి గాలి తీసేస్తే అయిపోయేది. డాక్టరు చేరేసరికి ఎద్దు కాళ్ళు చాపేసింది. దాని పేరు మైలగాడు.

మర్నాడు బజారు మెకానిక్ గులాం నబీ వచ్చి జాలీ విప్పాడు. వాసన చూశాడు, వేలితో గీకాడు, జంగప్ప వంక చూశాడు. డాక్టరుతో మాత్రం, "పెట్రోల్‌ల నీళ్ళు సాబ్" అన్నాడు. డాక్టరు అటు తిరిగాక మెల్లగా, "ఫట్‌ఫటీకి పోపు పెట్టినవ్ కదర బై" అన్నాడు. ఆ తర్వాత ఇంజన్ ఆయిల్ చూపించాడు, ముంచడం, మేకుకు వేలాడదీసి గంటసేపు కారనివ్వడం నేర్పాడు. చనిపోయేవరకూ ఎవరికీ చెప్పలేదు. మంచివాడు.

అదే రోజు పెద్దయ్య కూడా వచ్చాడు. దవాఖాన వాళ్ళను నాలుగు తిట్టిపోదామనే వచ్చాడు. షెడ్డు వెనక జంగప్ప మోకాళ్ళలో తల పెట్టుకుని ఏడుస్తున్నాడు. పెద్దయ్యకు కోపం పోయింది. "నా ఎద్దు కోసం నేనేడ్చిన, నా పెండ్లాం ఏడ్చింది. బయటోడు ఏడ్సంగ నిన్నొక్కన్నే చూసిన" అన్నాడు. ఆ మరుసటి ఏడు కుసుమ పంట ఇంటికి రాగానే గానుగ ఆడించి, మొదటి సీసా తెచ్చి జంగప్ప చేతిలో పెట్టాడు. అప్పట్నుంచి ప్రతి ఏడూ ఒక సీసా. జంగప్ప తీసుకునేవాడు, ఇంటికి తీసుకెళ్ళేవాడు, గూట్లో పెట్టేవాడు. తినలేదు. తిననివ్వలేదు. పది సీసాలు. పుణ్యానికొచ్చిన నూనె గూట్లో కంపు కొడుతుంటే దుకాణంలో పల్లీనూనె కొనడమేమిటని భీమమ్మ తిట్టి తిట్టి అలిసిపోయింది.

పన్నెండు దాటాక పెద్దయ్య వచ్చాడు. అంగడి రోజు, పైగా డాక్టరు వెళ్ళిపోతున్నాడని తెలిసింది. డాక్టరు కోసం కందిపప్పు మూట, జంగప్ప కోసం సీసా. తెల్ల తలపాగా, చేతికర్ర, ఎండకు కమిలిన ముక్కు. వరండా బండ మీద కూర్చుని సీసాను పక్కన పెట్టాడు.

"ఈ ఏడు గింజ మంచిగ దిగింది తమ్మీ. రంగు చూడు."

నూనె నిజంగానే బంగారు రంగులో ఉంది. జంగప్ప దానివైపు చూడలేదు. చేతులు తుడుచుకున్నాడు. మళ్ళీ తుడుచుకున్నాడు. గుమ్మం దగ్గరికి వెళ్ళి డాక్టరును పిలిచాడు.

"సాబ్, జర బయటికి రాండ్రి. పెద్దయ్యన్నా, నువ్వు గూడ విను."

డాక్టరు వచ్చాడు. జంగప్ప నిలబడే మాట్లాడాడు, నేల చూస్తూ.

"గా దినం బండి ఆగింది పెట్రోల్‌ల నీళ్ళుండి కాదు. జాలీకి నేను కుసుమ నూనె పెట్టిన. బంక కట్టింది. గాలి ఆడలే. మైలగాడు నావల్ల సచ్చిండు."

చెప్పడానికి పదకొండేళ్ళు పట్టిన సంగతి ఇంతే. దగ్గు కూడా అడ్డం రాలేదు.

డాక్టరుకు అప్పటి తన గొంతే గుర్తొచ్చింది. "నూనె పెట్టమని చెప్పింది నేనే కదా" అన్నాడు.

"మీరు చెప్పిండ్రు. పెట్టింది నేను."

పెద్దయ్య జంగప్పనే చూస్తున్నాడు. "మరి ఇన్నేండ్ల సంది నా చేతి నూనె ఎట్ల తీస్కున్నవే?"

"తీస్కున్న. తినలే. సీసాలన్ని గట్లనే ఉన్నయ్."

పెద్దయ్య లేచాడు. సీసాను చంకలో పెట్టుకున్నాడు, కర్ర అందుకున్నాడు. డాక్టరుకు సలాం చేశాడు. జంగప్పను మళ్ళీ చూడకుండా బస్సుల అడ్డా వైపు నడిచాడు. చెప్పేస్తే గుండె తేలికవుతుందని జంగప్ప అనుకున్నాడు. కాలేదు. ఉన్న ఒక్క స్నేహితుడు పోయాడని మాత్రం స్పష్టంగా తెలిసింది, దానికి చాలా బాధపడ్డాడు.

డాక్టరు అతని భుజం మీద చెయ్యి వేసి ఏదో అనబోయి, తెలుగు మాట దొరక్క, ఊరుకున్నాడు. కచేరీలో తాళాలు అప్పగించి రావాలని వెళ్ళాడు.

జంగప్ప జొన్నరొట్టె సగం తిన్నాడు. జాలీ ఆరింది. వెలుతురుకి ఎత్తి చూశాడు. తీగల మధ్య నలక లేదు. కొత్త ఇంజన్ ఆయిల్ చిప్పలో పోసి, జాలీని ముంచి, రెండు వైపులా తిప్పి, పైకి తీశాడు. షెడ్డు గోడ మేకుకు వేలాడదీసి కింద రేకు డబ్బా పెట్టాడు. చుక్కలు మొదట తొందరగా పడ్డాయి. తర్వాత ఒక్కొక్కటీ ఆగి ఆగి పడ్డాయి. కారడం అయ్యాక బిగించాలి. అందాకా కూర్చుందామని వరండా బండ మీద, స్తంభానికి వీపు ఆనించి కూర్చున్నాడు. అప్పటికి రెండు కావస్తోంది.

పెద్దయ్య రెండు గంటల బస్సు ఎక్కలేదు. బస్సు వచ్చింది, నిలిచింది, పోయింది. అతను సీసా ఒళ్ళో పెట్టుకుని అక్కడే కూర్చున్నాడు. మూడున్నరకు లేచి వెనక్కి వచ్చాడు. జంగప్ప స్తంభానికి ఆనుకుని, తల కొంచెం పక్కకి వాల్చి, కళ్ళు మూసుకుని ఉన్నాడు. అలిసి కునుకు పట్టిందనుకున్నాడు పెద్దయ్య. లేపలేదు. సీసాను అతని పక్కన పెట్టాడు.

"తిను. ఇగనన్న తిను" అన్నాడు.

జవాబు రాలేదు. రాకపోవడమే తనకు నయమనిపించింది. అయిదింటి బస్సు కోసం మళ్ళీ అడ్డాకు వెళ్ళాడు.

డాక్టరు నాలుగు దాటాక తిరిగొచ్చాడు. రెండుసార్లు పిలిచాడు. దగ్గరికొచ్చి చెయ్యి పట్టుకున్నాడు, దవడ ముట్టుకున్నాడు. చెయ్యి చల్లబడింది, దవడ బిగుసుకుంటోంది. ఎన్నో చావులు చూసిన చెయ్యి ఆయనది. ప్రాణం పోయి రెండు గంటలు దాటిందని దానికి తెలిసిపోయింది. అక్కడున్న సీసా చూశాడు. అది పన్నెండున్నరకు పెద్దయ్య చంకలో వెళ్ళిపోవడం ఆయనే చూశాడు.

కబురు బజారుకు పాకింది. భీమమ్మ కంటే ముందు పెద్దయ్య వచ్చాడు, తలపాగా చేతిలో పట్టుకుని.

"నేనొచ్చి గంట గాలే సాబ్. నిద్రపోతుండనుకున్న. తినుమని చెప్పిన. విన్నడా సాబ్?"

డాక్టరు జంగప్ప చెయ్యి ఇంకా వదల్లేదు.

"విన్నడు" అన్నాడు.

పెద్దయ్య తల ఊపి, కింద కూర్చుని ఏడ్చాడు. భీమమ్మ వచ్చింది. అయిదింటి రైలు కూత వినిపించింది, డాక్టరు పెట్టెలు లోపలే ఉన్నాయి. ఎవరో మంచం తెచ్చారు. భీమమ్మ సీసాను కొంగులో చుట్టుకుని మంచం వెంట నడిచింది.

షెడ్డులో ఫట్‌ఫటీ రంధ్రానికి ధోవతి గుడ్డ కట్టే ఉంది. గోడ మేకుకు జాలీ వేలాడుతోంది. కారవలసిన ఆయిలంతా కారిపోయింది, ఇక బిగించవచ్చు.