ఫ్లాస్కు అడుగున ఆకు

పరంజా మీంచి పడి మా ఆయన పెయ్‌షాన్‌కు నడుం కింద స్పర్శ పోయి ఏడు నెలలైంది. కాళ్ల సంగతి అలా ఉంచితే, విరేచనం దానంతట అది కావడం లేదు. రోజూ నేను గ్లవ్సు తొడుక్కుని తీయాలి. సోమవారంలోగా మార్పు లేకపోతే పొట్టకు రంధ్రం చేసి సంచి తగిలిస్తామన్నాడు సర్జన్. ఆ మాట విన్నప్పటినుంచి ఆయన గోడవైపు తిరిగే పడుకుంటున్నాడు.

అందుకే ఈ కరెంటు సూదులు. డాక్టర్ చ్యూ నడుం కింద ఎనిమిది సూదులు గుచ్చి, వైర్లు తగిలించి మీట తిప్పుతుంది. కండ దానంతటదే ఎగురుతుంది. నాకది బ్యాటరీ బొమ్మలా కనిపించేది.

తొమ్మిదో రోజు, గురువారం, నా చెయ్యి పడకుండానే విరేచనమైంది. డాక్టర్ నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఎనిమిది రోజులు కదలనిది ఒక్కసారిగా ఎందుకు కదిలింది?

వేడినీళ్ల ఫ్లాస్కు కడగబోతే అడుగున సన్నని ఆకు అంటుకుని ఉంది. సునాముఖి, విరేచనాలకి వాడే ఆకు. ఆ ఫ్లాస్కు రోజూ నింపేది మా అత్తగారు.

"ఇదేంటత్తయ్యా?"

"వేడినీళ్లే."

"వేడినీళ్లకి ఆకులు మొలిచాయా?"

"వాడి పొట్ట కోస్తుంటే చూస్తూ కూర్చోమంటావా?"

"డాక్టరుకి చెప్పారా మరి?"

"చెబితే వద్దంటుంది. వద్దన్నాక వేస్తే తప్పు గానీ, అడక్కుండా వేస్తే తప్పేముంది?"

నేనే వెళ్లి చెప్పాను. డాక్టర్ చార్టులో గురువారం గడిని అడ్డంగా కొట్టేసింది. ఆకు ఆపి, సూదులు మాత్రం కొనసాగించమంది.

అప్పటినుంచి ఫ్లాస్కు నేనే నింపాను. బాత్రూముకు వెళ్లినా చంకలో పెట్టుకునే వెళ్లాను.

"నా నోరు కూడా వెతుకు. బుగ్గలో దాచానేమో," అంది అత్తగారు.

శుక్రవారం ఏమీ లేదు. శనివారమూ గ్లవ్సే. ఆదివారం సూదులు తీసిన గంటకు, కొర్రజావ తాగాక, ఆయన ముక్కు ఎగబీల్చి మెల్లగా, "చూడు ఒకసారి," అన్నాడు. చూశాను. కాస్తే, కానీ దానంతట అదే వచ్చింది.

ముందు ఫ్లాస్కు మూత తీసి వాసన చూశాను. ఉత్త నీళ్లే.

"జావలో ఏం కలిపారత్తయ్యా?"

"జావ కాచింది నువ్వు."

నిజమే. ఆయన ఏడు నెలల్లో మొదటిసారి గట్టిగా నవ్వాడు. "ఇప్పుడు నిన్నెవరు కాపలా కాయాలి?"

సోమవారం సర్జన్ రెండు వారాలు గడువిచ్చాడు. నేను ఫ్లాస్కు మాత్రం వదల్లేదు.