గురక ఆగిన చోట

ప్లీడరుగారి గురక సామాన్యమైనది కాదు. అది చతురంగ బలాలతో బయలుదేరి, నగారాలు మోగించి, కిటికీ అద్దాలచేత సలాములు కొట్టించుకునేది. ఆ వైభవానికి జడిసే ఇల్లాలికి నిద్ర కరువైందని చుట్టాలందరూ జాలిపడేవారు. అది పొరపాటు. ఆవిడ భయమల్లా దండయాత్ర నడుమ ఉన్నట్టుండి పడే నిశ్శబ్దమంటేనే. ఆయన ఛాతీ ఎగిరెగిరిపడేది, ఊపిరి మాత్రం లోపలికి పోయేది కాదు. సైన్యం మళ్ళీ ఒక్క గావుకేకతో కదిలేదాకా ఆవిడ ప్రాణాలు అరచేతిలో పెట్టుకునేది.

చెబితే ఆయన కొట్టిపారేసేవారు. "కలగని ఉంటావే! ఫిర్యాదీవీ నువ్వే, సాక్షివీ నువ్వేనా?"

చివరికి ఆ వ్యాజ్యం గొంతు డాక్టరు బల్లమీదికెక్కింది. మందుతో నిద్రపుచ్చి, ముక్కులోంచి సన్నని కెమెరా గొట్టం దింపి, ఊపిరి దారి ఎక్కడ మూసుకుంటుందో చూస్తారట. మందులు రెండు రకాలు. ఏది అసలు నిద్రకు దగ్గరో తేలాలంటే ఒకదాని మత్తు దిగాక రెండోదిచ్చి పోల్చవలసిందే.

"ఆయన నిద్ర ఎరిగినవారు మీరేగా అమ్మా. పక్కనే కూర్చుని చెప్పండి. ముట్టుకోవడం మాత్రం కుదరదు," అన్నాడు డాక్టరు.

మొదటి మందుకు ప్లీడరుగారి గురక కొత్త అల్లుడిలా మహా మర్యాదగా సాగింది. తెరమీద గొంతు తలుపులు బార్లా తెరిచే ఉన్నాయి. ఆవిడ రుమాలును పిండి పిప్పిచేసింది. ఈ కేసు కొట్టేస్తే ఇక ఆయన వైద్యం మాటే ఎత్తనివ్వరు.

"బాగానే ఉందే!" అన్నాడు డాక్టరు.

"అందుకే అది ఆయన నిద్ర కాదు బాబూ."

"కంగారుపడకండి. రెండోది ఉందిగా."

రెండో మందు ఎక్కగానే నగారాలు మోగాయి. ఆవిడ లేచింది, కూర్చుంది, మళ్ళీ లేచింది. "ఇదే, ఇదే!" అంటుండగానే గురక ఆగింది. డాక్టరు తెరవైపు వంగాడో లేదో, ఆవిడ మోచెయ్యి ప్లీడరుగారి డొక్కలో దిగింది. ఆయన ఉలిక్కిపడి దగ్గారు. గొట్టం పైకి లాగేయవలసి వచ్చింది.

"అమ్మా! ముట్టుకోవద్దన్నానా?"

"నేను ముట్టుకోలేదు బాబూ, మోచెయ్యి ముట్టుకుంది. దానికి చాలా ఏళ్ళ సర్వీసుంది."

నర్సు నవ్వు ఆపుకుంది. డాక్టరు నవ్వలేదు. "నేను కళ్ళారా చూస్తే తప్ప వైద్యం లేదమ్మా. ఈసారి ఆగనివ్వండి. మేమున్నాం."

గొట్టం మళ్ళీ దిగింది. ఆవిడ చేతులు రెండూ వీపు వెనక బిగించుకుంది. గురక ఆగింది. ఇన్నేళ్ళూ ఒక్కతే తరిమికొట్టిన ఆ నిశ్శబ్దాన్ని, పళ్ళబిగువున, దాని మానాన దాన్ని ఉండనిచ్చింది. భర్త ముఖం చూడలేక డాక్టరు ముఖం చూసింది. అక్కడి ధీమా చల్లగా జారుకుంటోంది.

"నాలుక మొదలు వెనక్కి పడి దారి మూసేస్తోంది. దొరికింది!" అంటూ అతను ప్లీడరుగారి దవడ ఎత్తిపట్టాడు. గాలి భోరున కదిలింది. ఆవిడ స్టూలుమీద కూలబడింది.

మెలకువ వచ్చీరాగానే, నాలుక మడతపడుతున్నా, ప్లీడరుగారు దర్జా సడలనివ్వలేదు.

"ఏమే, ఇంతకీ గురక పెట్టానా?"

"ఆపారండీ," అంది ఆవిడ. "అదే వచ్చిన తంటా."