తెల్లారేసరికి వదులయ్యే చీల

మూడో తోపడ కూడా చీలిందని కబురు వచ్చిన రోజు వడ్రంగి ఉస్తా శతా రొట్టె ముట్టలేదు. పళ్ళెంలో తెల్ల జున్ను అలాగే ఎండిపోయింది. లేచాడు, కూర్చున్నాడు, మళ్ళీ లేచాడు. కాలు కాలిన పిల్లిలా కొట్లో ఆ మూల నుంచి ఈ మూలకు తిరిగాడు.

దమ్యాత్ ఊళ్ళో వడ్రంగులకు కొదవ లేదు. కాని చిత్రిక పట్టే తోపడను దిమ్మె నుంచి తొలిచి సొంతంగా చేసుకునేవాళ్ళు ఒక్కొక్కరే పోయారు. ఇప్పుడందరి చేతుల్లోనూ కరెంటు మిషన్లే. శతా ఒక్కడు మిగిలాడు. ఈ పని తనతో మట్టిలో కలవకూడదనుకున్నాడు. మాటలు తక్కువ మనిషి, చదువు అంతకన్నా తక్కువ. అయినా చలికాలమంతా పెన్సిలు కొరుకుతూ కూర్చుని రాశాడు. దిమ్మె ఎలా ఎంచాలి, ఎలా ఆరబెట్టాలి, బ్లేడు ఎంత వాలుగా పడుకోవాలి, బ్లేడు తొంగిచూసే నోరు ఎంత సన్నంగా తెరవాలి, బ్లేడును బిగించే చెక్క చీలను ఎలా చెక్కాలి, అన్నీ బొమ్మలతో సహా. పైన "మా ఉస్తా బదీర్ నేర్పినట్టు" అని పెట్టాడు. బదీర్ అతనికి పని నేర్పిన గురువు, పిల్లనిచ్చిన మామ కూడా.

సోఫాలకు గుడ్డ వేసే తుల్బా ఆ కాగితాలకు ఫోనులో ఫోటోలు తీసి వడ్రంగుల గుంపుకు పంపాడు. ఊరూరా చేసి చూశారు. మొదటి వారం దీవెనలే. తరవాత మొదలయ్యాయి చీలడాలు.

ఆ మూడో కబురు వచ్చిన మధ్యాహ్నం కాఫీ కొట్లో తుల్బా ఫోను ఊపుతూ పిలిచాడు.

"విన్నావా ఉస్తా? ముసలి ఉస్తాలంతా ఇంతేనట. వంట చెప్పి ఉప్పు చెప్పరట."

"నేనేం దాచలేదు."

"నాకు తెలీదూ! దాచాలన్నా ముందు నోరు తెరవడం రావాలిగా."

డామినో ఆడేవాళ్ళు పగలబడి నవ్వారు. శతా నవ్వలేదు.

"మన్సూరా ఊరివాడు చూడు ఏం రాశాడో. 'పొద్దున్నే చీల వదులై ఉంటుంది, సుత్తితో తట్టి బిగించుకోండి అన్నాడు మీ ఉస్తా. నాది వదులు కాకపోగా రాయిలా బిగుసుకుంది. పక్కగోడ పగిలింది. మీ బదీర్ ఉస్తా ఇదేనా నేర్పింది?'"

"వదులవుతుంది," అన్నాడు శతా. "నలభై ఏళ్ళుగా చూస్తున్నా. రాత్రి గాలికి అదే వదులవుతుంది."

"మరి వాళ్ళ ఊళ్ళో గాలికి ఏం రోగం?" అని తుల్బా గొంతు తగ్గించాడు. "చూడు అన్నా, ఏదో ఒకటి తొందరగా చెప్పు. ఇప్పటికే సగం మంది నీ కాగితాలు తీసేశారు. ఇంకొకటి పగిలిందంటే మళ్ళీ ఎవడూ చెయ్యి పెట్టడు. నీకూ, పోయిన పెద్దాయనకూ పని దాచుకున్నవాళ్ళని పేరు మిగులుతుంది."

ఆ మాట ముల్లులా దిగింది. టీ సగంలో వదిలేసి, తన కాగితాలు చూసి పక్క వీధివాడు చేసిన, చీలిన తోపడను చంకలో పెట్టుకుని కొట్టుకు వచ్చాడు. తిప్పి చూశాడు. చెక్క మంచిదే. వాలు సరిగ్గా ఉంది. చీల తను చెక్కినంత బాగా చెక్కాడు. బ్లేడ్లకు నూనె రాసే గిన్నెను జరిపి, తన తోపడలన్నీ వరసగా బల్లమీద పెట్టి పక్కన ఇది పెట్టాడు. తప్పు కనపడలేదు. కనపడని కొద్దీ మళ్ళీ మొదటినుంచి చూశాడు.

పొద్దుగూకి మగ్రిబ్ నమాజు పిలుపు వినపడింది. రోజూ ఆ వేళకు కొట్టు వదిలి నమాజుకు పోతాడు, అటునుంచి అటే కాఫీకి. ఇవాళ ఆ తోపడను వదిలి కదలలేకపోయాడు. తప్పు తేలాక నమాజు ఇంట్లోనే చేసుకోవచ్చనుకుని, దాన్ని పట్టుకుని చెక్కల దొంతర వెనక కూలబడ్డాడు.

తలుపు చప్పుడైంది. భార్య బహియ్యా బుట్ట, చీపురు పట్టుకుని వచ్చింది. పొయ్యిలోకి చెక్క పొరలు ఎత్తుకుపోవడం ఆమె రోజువారీ పని. శతాను చూడలేదు. చీపురు గోడకు ఆనించి, బల్లమీది తోపడ ఒకటి తీసి దాని వెనక మడమను బల్లకేసి టక్కున కొట్టింది. ఇంకొకటి తీసింది. టక్. ఏదో పాట కూనిరాగం తీస్తూనే వరస పూర్తి చేసింది.

"ఏం చేస్తున్నావు?"

"అమ్మో!" బుట్ట జారింది. "గుండె ఆగేది కదయ్యా! నమాజుకు పోలేదా?"

"ఏం చేస్తున్నావంటే?"

"కనపడ్డంలా? చీలలు వదులు చేస్తున్నా. రాత్రి తేమకు చెక్క ఉబ్బుతుంది. బిగించి వదిలేస్తే పక్కలు చీలవూ?"

"ఎప్పటినుంచి?"

"ఈ ఇంటికి వచ్చిన మర్నాటినుంచి."

"నాకెందుకు చెప్పలేదు?"

"రోజూ ఊడుస్తున్నానని చెప్పానా? ఇదీ అంతే. నువ్వెప్పుడు అడిగావు గనక?"

"మీ నాన్నకు..."

"ఆయనకూ తెలీదు. మా అమ్మ చేసేది. మామా అల్లుళ్ళు ఒకే తాను ముక్కలు."

ఒకప్పుడు అమ్మిన తోపడలు కొన్ని చీలి వెనక్కి వచ్చిన సంగతి శతాకు గుర్తొచ్చింది. నీ చెయ్యి మొరటు అని ఆ కొన్నవాళ్ళను తిట్టి పంపాడు.

మర్నాడు తుల్బా విని తల పట్టుకున్నాడు. "ఒక వాక్యం రాయడం మరిచానని పెట్టెయ్. ఆవిడ సంగతి ఎందుకు? ఊరంతా నవ్వుతుంది."

"మరిచానంటే దాచానంటారు," అన్నాడు శతా. "తెలీదంటే నవ్వుతారు. నవ్వనీ."

పొద్దున్నే చీల వదులవుతుందన్న వాక్యం కొట్టేశాడు. కింద రాశాడు: "సాయంత్రం పని కాగానే చీల వదులు చెయ్యాలి. ఇది నాకు తెలీదు, మా ఉస్తాకూ తెలీదు. ఆయన భార్య చేసేది, ఇప్పుడు నా భార్య బహియ్యా చేస్తోంది."

తుల్బా అదీ గుంపుకు పంపాడు, ఫోను ఆ పూటంతా మోగుతూనే ఉంది. తుల్బా నవ్వి నవ్వి కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ చదివాడు. "మన్సూరా వాడు: 'దాచావన్నందుకు క్షమించు ఉస్తా. ఇంత అమాయకత్వం ఎవడూ కల్పించి రాయలేడు. ఇంకో దిమ్మె కొన్నాను.'"

ఆ సాయంత్రం శతా కాఫీకి పోలేదు. తోపడ తీసి బల్లకేసి కొట్టాడు. బ్లేడు ఇంకా బయటికి పొడుచుకొచ్చింది.

"ముక్కు మీద కాదయ్యా, మడమ మీద," అంది బహియ్యా గుమ్మంలోంచి. "అదీ రాసుకో."

రాసుకున్నాడు. పెన్సిలు చెవి వెనక దోపి మళ్ళీ తీశాడు.

"నేను లేనప్పుడు ఇంకేం చేస్తావు?"

బహియ్యా బుట్ట నింపుతూ తల ఎత్తలేదు. "ఆ నూనె గిన్నె ఖాళీ కావడం ఎప్పుడైనా చూశావా?"

శతా నిండుగా ఉన్న గిన్నె వైపు చూశాడు.