ఎడమ చక్రంలో వెర్న్ గొంతు

బ్యారిగన్ ఊళ్లో టపా బండి డల్సీది. మంగళవారం, శుక్రవారం తెల్లారగానే సంచులు ఎక్కించుకుని పశువుల ఎస్టేట్లన్నీ తిరుగుతుంది. ఉత్తరాలు, మందులు, ట్రాక్టరు బెల్టులు, ఒక్కోసారి అట్టపెట్టెలో కోడిపిల్లలు. దారంతా ఎర్రమట్టి, మధ్యలో టూమీ వాగు. వాగు దగ్గరికొచ్చాక ఎంత తొందరున్నా బండి ఆపాలి. నాలుగు పుల్లలు ఏరి, బిల్లీ అనే తగరపు డబ్బాలో టీ కాచుకుని, తీరిగ్గా తాగాకే నీళ్లలో దిగాలి. టీ మీద మోజుతో కాదు. అంత దూరం పరుగెత్తిన చక్రాల నడిమి హబ్బులు కాలిపోతుంటాయి. ఆ వేడిమీద చన్నీళ్లలో దిగితే సీలు సందుల్లోంచి నీళ్లు లోపలికి లాక్కుంటాయి. గ్రీజు పాలలా తెల్లబడి, బేరింగు పని అయిపోతుంది.

పోయిన వానాకాలం, ఆకాశం ఉరుముతోందని డల్సీ ఒకే ఒక్కసారి టీ మానేసి దిగింది. అప్పటినుంచే వెనకవైపు ఎడమ చక్రం పాట పెద్దదయింది.

పాట ఆ ఊరి చక్రాలన్నిటికీ ఉంది. బేరింగులో గ్రీజు కూరేటప్పుడు ఎవరు ఏం పాడితే ఆ చక్రం అదే పాడుతుంది, వాళ్ల గొంతుతోనే. బేరింగు బాగున్నంతకాలం చెవి ఒగ్గితే గానీ వినపడదు. అరిగేకొద్దీ గట్టిపడుతుంది, చివరి రోజుల్లో పాట మధ్య గొణిగిన మాటలు కూడా బయటపడతాయి. పాస్టరుగారి కారు చక్రంలో, ఎప్పుడో చచ్చిపోయిన ఆయన మామగారు ఇప్పటికీ గుర్రప్పందేల గురించి సణుగుతుంటాడు. పాస్టరుగారు చర్చికి వచ్చేటప్పుడు మాత్రం బండి కాస్త దూరంలోనే ఆపి నడిచొస్తాడు. పట్నంలో వేయించుకొచ్చిన బేరింగులు మూగవి. మూగ చక్రాల బండి తిన్నటి రోడ్డుమీద డ్రైవరును నిద్రపుచ్చుతుందని, ఊళ్లో అందరూ ఇంటి దగ్గరే విప్పి వేసుకుంటారు.

డల్సీ బండికి వెనక రెండు చక్రాల్లోనూ గ్రీజు కూరింది ఆమె మొగుడు వెర్న్. కూరిన ఏడాదే గుండె ఆగి పోయాడు. అతను తీసిన పాట డల్సీదే. ఊరి హాల్లో డాన్సుల రోజున ఆమె పాడుతుంటే ఊరు ఊరంతా కాళ్లు కదిపేది. వెర్న్‌కి మాత్రం శ్రుతి అంటే ఏమిటో చచ్చేదాకా తెలీలేదు. అతను పోయాక డల్సీ మళ్లీ పాడలేదు. చక్రం పాడుతోంది చాల్లే అనుకుంది.

"వదినా, నీకంటే ముందు నీ చక్రం వస్తోంది ఊళ్లోకి," అంది వెర్న్ చెల్లెలు మోరీన్, సోమవారం గేటు మీద చేతులాన్చి. "కొత్త బేరింగుల పెట్టె కొనిచ్చి ఎన్నాళ్లయింది? షెడ్డులో దాన్ని మగ్గబెడుతున్నావా?"

"మీ అన్న గొంతేగా. విననీ."

"గొంతా నా బొందా! ఇనుము నలిగే చప్పుడది. టైరు లోపలి అంచు చూడు, జిడ్డోడుతోంది. సీలు పోయి నూనె బ్రేకుల్లోకి దిగుతోంది. శుక్రవారం జసింటాను ఎక్కించుకు రావాలి నువ్వు. గుర్తుందా?"

గుర్తుంది. జసింటా చిట్టచివరి ఎస్టేటులో వంటమనిషి, నెలలు నిండాయి. వానలు పడి దారి మూసుకుపోకముందే ఆసుపత్రికి చేర్చాలి, ఆ వైపు వెళ్లే బండి ఇదొక్కటే. డల్సీకి ఇదంతా తెలుసు. కానీ ఆ హబ్బు విప్పితే వెర్న్ పోతాడు. ఒకసారి పోయాడు, చాలదా?

"వచ్చే వారం చూద్దాంలే," అని లోపలికి వెళ్లిపోయింది.

మంగళవారం తిరుగుదారిలో వాగు దాటాక, పాట మధ్యలో తన పేరు వినపడింది. డల్సీ అద్దాలు ఎత్తేసింది. వేగం పెంచితే మాట తేటపడుతోందని ఇంకా తొక్కింది.

"ఒసే డల్సీ," అన్నాడు వెర్న్, పక్క సీట్లో కూర్చున్నంత స్పష్టంగా. "నేనింత బాగా వినపడుతున్నానంటే బేరింగు చచ్చినట్టే. నీ సంగతి నాకు తెలీదా? నాకోసమని దీన్ని ఇలాగే తోలుతుంటావు. వేగం తగ్గించు. మెల్లగా ఇంటికెళ్లి మార్చిపారెయ్."

బండి ఆపి దిగింది. ఎడమ చక్రం దగ్గర కాలిన నూనె వాసన కొడుతోంది.

"ఇన్నాళ్లు కాచుక్కూర్చుంటే చెప్పేది ఇదా?" అని చక్రాన్ని బూటుతో ఒక్క తన్ను తన్నింది. "ఒక్క మంచిమాట రాలేదేం నీ నోట్లోంచి?" నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. రోడ్డు మధ్యలో కూర్చుని కరువుతీరా ఏడ్చి, నడిచే మనిషి దాటిపోయేంత మెల్లగా ఇల్లు చేరింది.

బుధవారం పొద్దున్నే మోరీన్ స్పానర్లతో షెడ్డులో ఉంది. నిన్న బండి ఈడ్చుకుంటూ రావడం చూసింది. ముందు చక్రాలకు దుంగలు అడ్డుపెట్టి, జాకీ ఎత్తి, ఇరుసు కింద స్టాండ్లు నిలబెట్టారు. నట్లు విప్పి లోపలి కడ్డీని బయటికి లాగితే గేరాయిలు బొటబొటా కారింది. డ్రమ్ము ఊడింది, హబ్బు ఊడింది. లోపల గ్రీజు తెల్లగా విరిగిపోయి ఉంది. బేరింగు రోలర్లు వేడికి నీలం తిరిగాయి, ఒకటి పగిలింది.

"ఇది శుక్రవారం దాకా వచ్చేది కాదు," అంది మోరీన్. డల్సీ పాత బేరింగును వేలికి తగిలించి తిప్పి చూసింది. గలగల తప్ప ఏమీ లేదు.

కిరసనాయిలుతో హబ్బంతా కడిగారు. బ్రేకు దిమ్మలకు జిడ్డు పట్టిందని అవీ మార్చారు. బేరింగు కూర్చునే ఉక్కు కడియాన్ని చుట్టూ సమంగా కొట్టుకుంటూ దించింది డల్సీ. మొద్దు చప్పుడు పోయి ఖంగుమంది. అంటే అడుగుకు ఆనింది. ఇక గ్రీజు కూరాలి.

"నేను కూరనా?" అంది మోరీన్.

"నువ్వు కూరితే దారి పొడుగునా నన్ను తిడుతూనే ఉంటావు. ఇటివ్వు."

అరచేతిలో గ్రీజు ముద్ద పెట్టుకుని, బేరింగు అంచును దానికేసి అదమడం మొదలుపెట్టింది. రెండు ముద్దలు పాట లేకుండానే కూరింది.

"మూగది చేస్తావా, వదినా? సగం దారిలో జసింటాతో పాటు నువ్వూ గుర్రుపెడతావు."

డల్సీ గొంతు సవరించుకుంది. ఉత్త గాలి వచ్చింది. "వెధవ," అంది చివరికి. "మార్చిపారెయ్ అంటాడా! మారుస్తున్నా, చూడు. నువ్వు ఖూనీ చేసిన పాట అసలు ఎలా ఉంటుందో విను." తిట్టుగా మొదలైంది కాస్తా రెండో మాటకే రాగం ఎక్కింది. మొదట జీరగా ఉంది, రోలర్ల మధ్యనుంచి గ్రీజు పైకి ఉబికేసరికి గొంతు విచ్చుకుంది. మోరీన్ అటు తిరిగి, చేతిలో ఉన్న స్పానరునే వెతకసాగింది.

సీలు అంచుకు గ్రీజు రాసి లోపలికి దించారు. చక్రం తిప్పుతూ నట్టు బిగించి, కాస్త వదులు చేసి, అది మళ్లీ కదలకుండా తాళం రేకు మడిచారు. మోరీన్ కుడి చక్రాన్ని పట్టుకుని ఊపి చూసింది. కదలిక లేదు, జిడ్డు లేదు.

"ఎలాగూ చేతులు పాడయ్యాయి. దీన్నీ విప్పేద్దామా?"

"దాని జోలికెళ్లకు."

"సరే," అంది మోరీన్.

శుక్రవారం జసింటాను ఎక్కించుకుని కుదుపు తగలకుండా మెల్లగా వస్తుంటే వెనకనుంచి మబ్బు తరుముకొచ్చింది. టూమీ వాగు అప్పటికే ఎర్రగా పొంగుతోంది.

"టీ వద్దు ఆంటీ, పోనివ్వండి," అంది జసింటా, పొట్ట పట్టుకుని. "నొప్పులు మొదలయ్యాయి."

డల్సీ దిగి ఎడమ హబ్బు మీద చెయ్యి వేసింది. మనిషి చెయ్యంత గోరువెచ్చగా ఉంది, అంతే. కుడివైపూ అంతే. "పద," అంది.

నీళ్లు తలుపు అంచుదాకా వచ్చాయి. అవతలి గట్టు నిట్టనిలువు. సగంలో చక్రాలు జారి బండి వెనక్కి దిగబోయింది. డల్సీ బ్రేకు తొక్కింది. పట్టింది. గేరు మార్చి మళ్లీ ఎక్కించింది. పైకొచ్చి అద్దంలో చూస్తే, వాళ్లు దాటిన చోట లోతు చూపించే గుంజ మునిగిపోయింది.

అవతల మెత్తటి తడినేల మీద బండి చప్పుడు లేకుండా సాగింది. నొప్పి తగ్గినప్పుడు జసింటా చెవి ఒగ్గింది.

"కుడిపక్క వెర్న్ అంకులే. అదే అపశ్రుతి. ఎడమపక్క కొత్త గొంతెవరిది ఆంటీ? ఎంత బావుందో!"

"నాదే," అంది డల్సీ. మళ్లీ నొప్పి వస్తే జసింటా చెయ్యి పట్టుకుని, ఆసుపత్రి దీపాలు కనపడేదాకా పైకే పాడింది. పిల్ల ఆ సాయంత్రమే పుట్టింది.

కుడి చక్రంలో వెర్న్ ఏం చెప్పి పెట్టాడో అది అరిగిన రోజున తెలుస్తుంది. తిట్టో, మంచిమాటో. డల్సీకి తొందరేమీ లేదు. వాగు దగ్గర ఇప్పుడు ఒకటి కాదు, రెండు కప్పుల టీ తాగి దిగుతోంది.