తెర పట్టుకున్న మనిషి

టీవీలో నా గురించి చెబుతున్నప్పుడు నేను మా ఆయన కాళ్ల కింద ఊడుస్తున్నాను. ఆయన ఎప్పటిలాగే రెండు కాళ్లూ పైకెత్తి కుర్చీలోకి లాక్కున్నాడు, కళ్లు మాత్రం టీవీ మీంచి తిప్పలేదు. పోలీసు పెద్ద ముందు బోలెడు మైకులున్నాయి. మీటింగ్ హాల్లో జరిగిన నాయకుడి హత్య వెనక ఎవరి కుట్రా లేదని, అది మతిస్థిమితం లేని ఒక ఒంటరి ఆడమనిషి చేసిన పనని ఆయన చెబుతున్నాడు. మరి పిస్తోలు హాల్లోకి ఎలా వచ్చిందని ఎవరో అడిగారు. ఆయన గొంతు సవరించుకుని, "ఆడవాళ్లు వాడుకునే ఒక ప్యాకెట్‌లో దాచి తెచ్చింది. మహిళల గేటు దగ్గర తనిఖీ చేసే మనిషి మొహమాటం కొద్దీ దాన్ని తెరిచి చూడలేదు" అన్నాడు. ఆ మనిషిని నేనే. చీపురు పట్టుకుని అలాగే వంగి ఉండిపోయాను.

"పేరు చెప్పలేదు. బతికిపోయాం" అన్నాడు మా ఆయన కాళ్లు కిందికి దించుతూ.

ఆయన బస్ డిపోలో కంట్రోలరు. రోజంతా డ్రైవర్లకీ ప్రయాణికులకీ సర్దిచెప్పి సర్దిచెప్పి, సర్దుకుంటే పోని గొడవే లోకంలో లేదని నమ్ముతాడు. ఇంట్లో సర్దుకునే మనిషిని మాత్రం ఎప్పుడో నియమించేశాడు.

నాది తడిమే ఉద్యోగం. సెక్యూరిటీ ఏజెన్సీ వాళ్లు ఒకరోజు షాపింగ్ మాల్‌కి పంపుతారు, ఒకరోజు మీటింగ్ హాల్‌కి. గేటు పక్కన కర్రలకి తెర కడతారు. ఆ తెర వెనక నేనూ ఒక స్టూలూ. వచ్చిన ఆడవాళ్ల భుజాలు, చంకలు, నడుం, కాళ్లు తడమాలి, బ్యాగు చూడాలి, పంపాలి. సాయంత్రం ఇంటికొస్తే అత్తయ్య గుమ్మంలోనే ఆపేది. "ముందు ఆ చేతులు కడుక్కో, ఎవరెవరి చెమటో" అనేది. కడుక్కున్న చేతులతోనే మళ్లీ గిన్నెలు కడిగేదాన్ని.

మా తెరల వెనక ఏ శిక్షణలోనూ నేర్పని పద్ధతి ఒకటుంది. బ్యాగులో ప్యాడ్ల ప్యాకెట్ కనబడితే మేం తెరవం. పైనుంచి ఒకసారి నొక్కి జిప్పు వేసేస్తాం. అప్పుడు నేను ఆవిడ మొహం చూడను, ఆవిడ నా మొహం చూడదు. ఆ ప్యాకెట్‌ని కొట్టువాడు నల్ల కవర్లో చుట్టి ఇచ్చినప్పటి నుంచీ మొదలైన సిగ్గు అది, నా దగ్గరికొచ్చేసరికి ఎందుకు పోతుంది? అందుకే పోలీసు పెద్ద చెప్పిన కథ కొలతలు తీసి కుట్టించినట్టు నాకు సరిపోయింది. ఇంకే రోజైనా, ఇంకే మనిషైనా, నిజమేనేమో అని నేనే నమ్మేసేదాన్ని.

కానీ ఆ మీటింగు రోజు నాకు డేట్ వచ్చింది. రావాల్సిన రోజు కాదు, దగ్గర ఏమీ లేదు. మా యూనిఫాం ప్యాంటు లేత నీలం. ఆ రంగు ఎంచినవాడెవడో నాకు తెలీదు గానీ వాడికి నెలసరి రాదని మాత్రం ఒట్టేసి చెప్పగలను. టాయిలెట్ హాలుకి అవతలి వైపు, మగవాళ్ల గేటు దాటి వెళ్లాలి. వెళ్లాలంటే సూపర్వైజర్‌ని అడగాలి. అడిగితే, "మళ్లీ ఏం పని?" అంటాడు, పక్కనున్నవాళ్లు నవ్వుతారు. పళ్లు బిగించుకుని పనిచేస్తున్నాను.

అప్పుడు ఆవిడ లోపలికొచ్చింది. ముదురు రంగు చీర, వర్షానికి సగం తడిసిన చెప్పులు. ఒళ్లంతా తడిమాను, బ్యాగు చూశాను. కళ్లజోడు పెట్టె, నీళ్ల సీసా, ఒక ప్యాకెట్. నేను జిప్పు వేయబోతుంటే, "ఏమ్మా, ఒంట్లో బాగాలేదా?" అంది. పొద్దున్నుంచీ నన్ను ఒక మనిషిలా పలకరించింది ఆవిడొక్కతే.

"డేట్ వచ్చిందండీ" అనేశాను. "ఇక్కడ్నించి కదలడానికి లేదు. వెనక ఏమన్నా కనబడుతోందా, చూస్తారా?"

లోకాన్నంతా తనిఖీ చేసేదాన్ని, వెనక్కి తిరిగి ఆవిడ ముందు నిలబడ్డాను. "కొంచెం కనబడుతోంది. షర్టు బయటికి లాక్కో, కప్పేస్తుంది" అని ప్యాకెట్ నా చేతికిచ్చింది. కొత్తది. సీలు రాకపోతే పళ్లతో చింపాను. ఒకటి తీసుకున్నాను. "రెండు తీసుకోమ్మా. ఈ మీటింగులు ఎప్పటికి తెములుతాయో!" అంది. ఆ తెర ఎప్పుడూ పూర్తిగా మూసుకోదు. ఆవిడ రెండు అంచులూ దగ్గరికి లాగి పట్టుకుని, నాకు వీపు పెట్టి నిలబడి, బయట లైన్లో ఉన్నవాళ్లతో, "ఒక్క నిమిషం ఆగండమ్మా, లోపల తనిఖీ జరుగుతోంది" అని దర్జాగా చెప్పింది. నాకు నవ్వొచ్చింది. మిగిలిన ప్యాకెట్ నా చేత్తోనే ఆవిడ బ్యాగులో పెట్టి పంపాను.

తర్వాత కాసేపటికి కాల్పులు వినబడ్డాయి. నాయకుడు వేదిక మీదే పోయాడు. ఆవిణ్ణి ముందు వరసలో ఆయన కాపలావాళ్లు కాల్చేశారు. పక్కన పిస్తోలు దొరికిందన్నారు. ఆవిడ నోరు మూసుకుపోయాక ఆవిడ గురించి అందరూ మాట్లాడారు. ఉద్యోగం పోయిన టీచరట, తనలో తను మాట్లాడుకునేదట, పక్కింటివాళ్లతో కలిసేది కాదట. ఆవిడ శవాన్ని తీసుకెళ్లడానికి సొంత అన్న కూడా రాలేదు.

పోలీసుల్లో ఒకతను నన్ను అడిగాడు. "ఆ... దాన్ని తెరిచి చూశారా?" ఆ మాట అతని నోటికి రాలేదు, జవాబు నా నోటికి రాలేదు. తల దించుకున్నాను. తల దించుకుంటే లేదు అని అర్థమట. మర్నాడు సూపర్వైజరు పిలిచి, "మొహమాటం అని రాద్దాం, ఆడవాళ్లకి సహజమే కదా. ఓ మెమో ఇచ్చి వేరే చోటికి మారుస్తారు. ఎదురు మాట్లాడితే నిర్లక్ష్యం కింద కేసే" అన్నాడు. విచారణ సంఘం ముందు ఏం చెప్పాలో కూడా నేర్పాడు.

నేను నిజంగానే తెరిచానా అని నాకే అనుమానం వచ్చిందంటే మీరు నమ్ముతారా? ఇంట్లో నా పేరు మతిమరుపు మేళం. ఉప్పు రెండుసార్లు వేసినా, పాలు పొంగినా, మా అమ్మాయి కూడా అదే పేరుతో పిలుస్తుంది. నలుగురి పనులూ ఒక్క బుర్రలో పెట్టుకుంటే ఒకటి జారిపోదా? నేనేదన్నా చూశానన్నా, విన్నానన్నా, "నీకలా అనిపించిందిలే" అంటాడు మా ఆయన. ఇన్నేళ్లు విన్నాక, నా కళ్ల కన్నా ఆయన మాటే నాకు ముందు గుర్తొస్తుంది. కోపం ఆయన మీద కాదు, అలా తయారైన నా మీదే వచ్చింది.

విచారణకి ముందు రోజు మధ్యాహ్నం ఆయనకి చెప్పాను, మొత్తం. తింటున్నవాడు చెయ్యి ఆపాడు.

"ఇదంతా నలుగురు మగాళ్ల ముందు చెబుతావా?"

"అడిగితే చెప్పాలి కదా."

"పేపర్లో వేస్తారు. డిపోలో నేను తలెత్తుకోగలనా? రేపు పిల్లని స్కూల్లో ఏమంటారు? ఆ చచ్చినావిడ నీకేమన్నా చుట్టమా?"

"కాదు."

"మరింకేం? ఉద్యోగం ఉంటుందంటున్నారు కదా, వాళ్లు చెప్పినట్టు చెప్పేసి రా. చంపినవాళ్లు ఎవరైతే మనకెందుకు? పెద్దవాళ్ల గొడవలో దూరితే లేగదూడల్లా నలిగిపోతాం."

భయపడుతున్నాడని తెలుస్తూనే ఉంది. నాకూ భయంగానే ఉంది. నాయకుణ్ణి కాల్చగలిగినవాళ్లకి నేనొక లెక్కా? కంచం తీసి వంటగదిలోకి వెళ్లాను.

అత్తయ్య వెనకాలే వచ్చింది. తిడుతుందనుకున్నాను. కొళాయి పెద్దగా తిప్పి, ఆ చప్పుడులో అడిగింది: "నిజంగా ఆ పిల్ల తెర పట్టుకుందా?"

"పట్టుకుంది అత్తయ్యా."

ఆవిడ ఒక గిన్నె అందుకుని తోమింది. పెళ్లి కాకముందు నుంచీ ఇటుక బట్టీలో పనిచేసిన మనిషి. "నాకు ఎవ్వరూ పట్టుకోలేదే" అంది. చెమ్మగిల్లిన కళ్లు మోచేత్తో తుడుచుకుని, నా చేతిలో కంచం లాక్కుంది. "రేపు వంట నేను చూసుకుంటాలే. నువ్వు పొద్దున్నే బయల్దేరు."

విచారణ గదిలో రిటైరైన జడ్జి, ఆయన పక్కన గుమస్తాలు, ప్రభుత్వం తరఫు లాయరు ఉన్నారు. వెనక బెంచీ మీద సూపర్వైజరు, రావద్దన్నా వచ్చిన మా ఆయన.

"మీరు మొహమాటం వల్ల ప్యాకెట్ తెరవలేదు. అంతేనా?" అన్నాడు లాయరు.

"తెరిచానండీ."

సూపర్వైజరు గట్టిగా దగ్గాడు.

"తెరిచారా? ఎందుకు?"

"నాకు నెలసరి వచ్చింది. అందులోంచి రెండు ప్యాడ్లు తీసుకున్నాను. సీలు నేనే చింపాను. అందులో ప్యాడ్లే ఉన్నాయి, పిస్తోలు లేదు. లోపలికెళ్లాక ఆవిడ పక్కకి అదెలా చేరిందో నాకు తెలీదు. నా గేటులోంచి మాత్రం రాలేదు."

గదిలో ఎవరూ ఎవరి మొహమూ చూసుకోలేదు. జడ్జిగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "అమ్మా, వ్యక్తిగత అవసరం అని రాసుకుందాం. నీకూ మర్యాదగా ఉంటుంది" అన్నారు, దయగానే.

"వద్దండీ. నేను చెప్పినట్టే రాయించండి. వ్యక్తిగతం అంటే రేపు ఇంకెవరో దానికి ఇంకో అర్థం చెబుతారు."

లాయరు చిన్నగా నవ్వాడు. "రోజుకి ఎంతోమందిని చూస్తారు మీరు. ఆ ప్యాకెట్ ఇచ్చింది ఇంకెవరో అయ్యుండొచ్చు. ఆలోచించి చెప్పండి, పొరపాటు పడుతున్నారేమో."

వెనక మా ఆయన బెంచీ మీద కదిలిన చప్పుడు వినబడింది. నేను తిరిగి చూడలేదు.

"అయ్యా, ఆవిణ్ణి కాల్చి చంపినప్పుడు ఆవిడిచ్చింది నా ఒంటి మీద ఉంది. ఆడది పొరపాటు పడే చోటు కాదండీ అది."