ఐదిళ్ళ ఫకీరు

రిక్షా తొక్కేవాడికి ఎక్కినవాళ్ళ బరువు కాళ్ళలో తెలుస్తుంది. జాహెదా బరువు నెలనెలకీ పెరుగుతూ వచ్చింది. పదేళ్ళ పిల్ల. ఇంటి నుంచి బడికి మూడు సందులు, మధ్యలో ఒక ఎత్తు. మొదట్లో ఆ ఎత్తు సీటు మీద కూర్చునే ఎక్కించేవాణ్ణి. ఎనభై అయిదు వానాకాలం నాటికి దిగి తోయాల్సి వచ్చింది.

ఆ బరువంతా మా సందు సందంతా కలిసి పెట్టిన తిండి.

జాహెదాకి పాలు తాగే వయసు నుంచే ఉబ్బసం. చలిగాలి తగిలినా, పొగ తగిలినా గొంతులో పిల్లికూతలు మొదలయ్యేవి. తండ్రి జహంగీర్ మాచర్లలో లారీల మెకానిక్కు. తల్లి సయీదా గట్టిగా మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. ఆ ఇంట్లో మాట చెల్లేది నానమ్మ ఖాతూన్ బీకి. నాది వెల్దుర్తి పక్క పల్లె. వానలు లేక చేను బీడుపడి మాచర్ల చేరాను. వాళ్ళ ఎదురు గది నాది. గుమ్మంలో కూర్చుంటే వాళ్ళింట్లో మంచం కనిపిస్తుంది. చూడకూడదనుకున్నా కనిపిస్తుంది.

ఆ మంచం మీద పిల్లను కూర్చోబెట్టి మేపేవాళ్ళు. ఇంకో మాట నాకు దొరకలేదు. ఖాతూన్ బీ పొద్దున్నే మేక కాళ్ళ పాయా పట్టించేది, పైన నెయ్యి తేలుతూ. పక్కింటి ధనమ్మ సున్నుండలు తెచ్చేది. ఆవిడ వెనక ఇంకో ఇద్దరు ముగ్గురు. పిల్ల చేతిలో ముద్ద పెట్టి, ఎదురుగా పీటలేసుకుని కూర్చునేవాళ్ళు. వాళ్ళు చూసేది పిల్ల నోటి వంక కాదు. మెడ కింద గుంట ఎగురుతుందా లేదా అని.

"ఎన్నాళ్ళుంటదో ఏమో, తిననీ వదినా."

"మా పెదనాన్న కూతురు ఇట్టాగే. పన్నెండు దాటలా."

పిల్ల నములుతూ వినేది. మంచం కింద బూడిద పోసిన డబ్బా ఒకటి ఉండేది, కళ్ళె ఉమ్మడానికి. ధనమ్మ వెళ్ళేముందు ఆ డబ్బా వంచి, రంగు చూసి, పెదవి విరిచి, అదే చేత్తో పిల్ల బుగ్గ పుణికి పోయేది.

బడిలోనూ అంతే. డ్రిల్లు మాస్టారు మస్తాన్‌రావు మిగతా పిల్లల్ని పరిగెత్తించి, ఈ పిల్లను చెప్పుల కుప్ప దగ్గర కూర్చోబెట్టేవాడు. "నీకు డ్రిల్లు లేదమ్మా. ఎవరివి ఎవరూ ఏసుకుపోకుండా చూస్తా కూర్చో." అది దయ అనుకునేవాడు.

ఆ ఏడు జూలైలో నరసరావుపేటలో పిల్లల డాక్టరమ్మకు చూపించారు. స్టేషనుకు తీసుకెళ్ళిందీ తీసుకొచ్చిందీ నేనే. మర్నాడు బడికి పోతూ జాహెదాయే చెప్పింది, డాక్టరమ్మ గొంతు పెట్టి.

"ఏమయ్యా, జబ్బు ఊపిరితిత్తులకి. గుండె బంగారంలాగుంది. కూర్చోబెట్టి కూర్చోబెట్టి దాన్ని కూడా పాడుచేస్తారా? మాత్రలేసి రోజూ నడిపించండి. ముందు వీధి చివరిదాకా, ఆనక ఇంకొంచెం. ఆయాసమొస్తే ఆగుద్ది, తగ్గినాక నడుస్తది. పొగ దగ్గరికి మాత్రం పోనీకండి. ఆ నెయ్యి ఆపండి ముందు!"

"మరి మీ అబ్బా ఏమన్నాడు?" అన్నాను.

"మాత్రలు కొన్నాడు."

మాత్రలు కొన్నాడు. మిగతాది అక్కడే వదిలేసి వచ్చాడు. ఆ సాయంత్రం షెడ్డు నుంచి వచ్చి చేతులు కిరసనాయిలుతో కడుక్కుంటూ నాకు వివరం చెప్పాడు.

"చెన్నయ్యా, ఎయిర్ క్లీనర్ మూసుకుపోయిన ఇంజన్ని రేజు చేసి గట్టిగా తిప్పితే ఏమయిద్ది? బిగుసుకుపోయి సీజయిద్ది. గాలి అందనప్పుడు బండిని తిప్పగూడదు. ఆమె డాక్టరు గావచ్చు. నేను ఇరవయ్యేళ్ళ నుంచి ఇంజన్లు ఇప్పుతన్నా."

మంచం మీద నుంచి జాహెదా అంది. "అబ్బా, మన షెడ్డు ఎనకాల నీలం జీపుంది గదా. దాన్ని తిప్పకుండా ఎన్నాళ్ళు పెట్టావు?"

"అయితే?"

"ఇప్పుడు స్టార్టయిద్దా?"

జహంగీర్ నవ్వబోయాడు. ఖాతూన్ బీ "నోరు మూసుకో, ఆయాసమొస్తది" అంది. నవ్వు అక్కడే ఆగిపోయింది.

కొన్నాళ్ళకు ఎత్తు దగ్గర నేను దిగి తోస్తుంటే జాహెదా కూడా దిగింది. "మామా, నేనూ నడుస్తా. ఎవరికీ చెప్పమాక."

నేను మామూలుగానే ఎవరికీ ఏమీ చెప్పను.

రిక్షా పక్క కమ్మీ పట్టుకుని నడిచింది. నాలుగడుగులకే ఆగింది. నోరు తెరిచి, భుజాలు ఎగరేస్తూ గాలి తీసుకుంది. నేనూ ఆగాను. కూత తగ్గాక మళ్ళీ నడిచింది. రోజూ అదే. నెల తిరిగేసరికి ఎత్తు మీద ఒక్కసారే ఆగేది. ఆగినప్పుడు కూడా నాతో మాట్లాడేది. ఎవడి కోడి ఎవడి దిబ్బ మీద ఉంది, ఏ గోడ మీద కొత్త సినిమా కాగితం అంటించారు, అన్నీ. మంచం మీద ఆ పిల్ల అంత మాట్లాడగా నేను వినలేదు.

ఒకరోజు మస్తాన్‌రావు మాస్టారు సైకిలు మీద పోతూ చూశాడు. నేరుగా జహంగీర్ షెడ్డుకు పోయి చెప్పాడు. సాయంత్రానికి సందంతా మా గుమ్మం ముందుంది.

"పిల్లను నడిపిస్తావంటరా? నీ ఇంటి బిడ్డయితే నడిపిస్తావా?" అంది ధనమ్మ.

"డాక్టరమ్మే చెప్పిందంట గదా" అన్నాను.

"నువ్వు బండి తొక్కు నాయనా. డాక్టరు పని చెయ్యమాక" అంది ఖాతూన్ బీ. ఆవిడ గొంతులో కోపం లేదు, భయం ఉంది. ఆవిడ ఒక్కదాని మీదే నాకు రోత కలగలేదు. మిగతావాళ్ళు ఇంకా ఏదన్నా జరుగుతుందేమోనని చీకటి పడేదాకా నిలబడ్డారు.

తరవాతి గురువారం ఖాతూన్ బీ గదిలో ఊదు వేసింది. దిష్టి పోవాలని మామూలుకంటే ఎక్కువ వేసింది. చలిగాలి తగలకూడదని తలుపులు మూసింది. పొగ తలుపు సందుల్లోంచి మా గుమ్మం దాకా వచ్చింది. కాసేపటికి కూతలు వినిపించాయి. నేను లేచి వెళ్ళేసరికే గది నిండా జనం. పిల్ల మంచం పట్టె పట్టుకుని వంగి ఉంది. పెదాలు నల్లబడ్డాయి. చుట్టూ మనుషులు గోడ కట్టినట్టు నిలబడి, చెమట కంపు, ఊదు పొగ, మీద నుంచి "పాపం, పాపం". సయీదా కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని కిటికీ తెరిచింది. వెనక నుంచి ఎవరిదో చెయ్యి వచ్చి మూసేసింది. సయీదా మళ్ళీ తెరిచి, ఈసారి రెక్కకు వీపు ఆనించి నిలబడింది. మాత్ర వేశారు. చానాసేపటికి తగ్గింది.

తగ్గాక అందరూ ఒకే మాట అన్నారు. నడిచినందుకే ఇట్లా అయింది. నిప్పుల మీద ఊదు ఇంకా పొగలుతూనే ఉంది. ఒక్కరూ దాని వంక చూడలేదు.

ఆ పూటే ఖాతూన్ బీ మొక్కుకుంది. పీర్ల పండక్కి మనవరాలిని ఫకీరు చేస్తానని.

మా పల్నాట్లో ఆ మొక్కు అందరిదీ. సాయిబులూ మొక్కుతారు, మేమూ మొక్కుతాం. పిల్లలకు పచ్చబట్టలు వేసి, మెడలో రంగు దారం కట్టి, భుజాన జోలె తగిలిస్తారు. ఆ పిల్లలు ఐదిళ్ళకు పోయి అడుక్కోవాలి. వచ్చిన పిండీ బెల్లమూ పీర్లను నిలిపే చావిడికి ఇస్తే మలీదా చేసి పంచుతారు. దారం కట్టేది ముజావరు. చావిడిలో పీర్లను చూసుకునే పెద్దాయన, పీర్ సాహెబ్. కోపిష్టి మనిషి. జబ్బుల సంగతి ఆయనకు పట్టదు, రివాజు సంగతే పట్టుద్ది.

పండగ తొమ్మిదో రోజు పొద్దున నా రిక్షాకు పచ్చ కాగితాలు అంటించారు. సీటు మీద మెత్త వేశారు. జాహెదాను ఎక్కించుకుని చావిడి ముందు ఆపాను. పీర్ సాహెబ్ దారం పట్టుకుని బయటికి వచ్చి చూశాడు.

"ఇదేంది?"

"భాయ్‌సాబ్, దానికి ఆయాసం. రిక్షాలో తిప్పుతాం ఐదిళ్ళకీ" అంది ఖాతూన్ బీ.

"రిక్షాలో ఫకీరా? ఏ నవాబు గారి ఫకీరమ్మా ఇది? బండెక్కి అడుక్కునేవాణ్ణి ఎక్కడన్నా చూశావా నువ్వు?"

"నేను ఎత్తుకుంటా మామూ" అన్నాడు జహంగీర్.

"ఎత్తుకుంటే ఫకీరువి నువ్వయితావు. ఆ జోలె నువ్వు తగిలించుకో మరి. ఒరేయ్, ఫకీరంటే కాళ్ళ మీద నడవాల. లేదంటే మొక్కు తీసుకుపో, నేను దారం కట్టను."

ఖాతూన్ బీ ఏడుపు మొదలుపెట్టింది. మొక్కు చెల్లించకపోతే పిల్లకు కీడు. నడిపిస్తే పిల్లకు కీడు. ఆవిడకు రెండు వైపులా గొయ్యే కనిపించింది. సయీదా ముందుకు వచ్చింది. మాత్ర ఒకటి పిల్ల నోట్లో వేసి నీళ్ళు పట్టింది. ఇంకోటి పిల్ల ఓణీ కొసకు ముడివేసింది. జాహెదా తనంతట తానే రిక్షా దిగి, మెడ వంచి దారం కట్టించుకుంది.

మొదటి ఇల్లు ధనమ్మది. పిల్ల గడప ముందు నిలబడి అడిగేలోపే ఆవిడ కుర్చీ బయటికి ఈడ్చింది. జాహెదా కూర్చోలేదు. జోలె చాపింది. రెండో ఇంట్లో మంచం వాల్చారు. కూర్చోలేదు. మూడో ఇల్లు ఎత్తు మీదుంది. అప్పటికి వెనక యాభై మంది చేరారు. పండగ చూడడానికి వచ్చినవాళ్ళు పీర్లను వదిలేసి ఈ పిల్ల వెంట నడిచారు. కొందరు జేబుల్లోంచి శనగలు తీసి నములుతూ నడిచారు. పిల్ల పడిపోతే ముందు చూసేది తామే కావాలి. అంతకంటే వాళ్ళ నడకకు ఇంకో అర్థం నాకు తోచలేదు. పీర్ సాహెబ్ ముందు నడిచాడు, నేను ఖాళీ రిక్షా తోసుకుంటూ పక్కన పోయాను.

సగం ఎత్తులో జాహెదా ఆగింది. రేషను షాపు గోడకు చెయ్యి ఆనించింది. మెడ కింద గుంట లోపలికి పోయింది. కూత సన్నగా వినిపించింది. రోజూ ఆగే చోటే అది, రోజూ వచ్చే కూతే. కానీ జనం ఒక్కసారిగా ఆ పిల్ల మీదికి పడ్డారు.

"ఎత్తుకోండి! ఎత్తుకోండయ్యా!"

"నీళ్ళు చల్లండి!"

"జహంగీరూ, చూస్తావేందిరా, పిల్ల పోతంది!"

ఎవరో భుజం పట్టారు, ఎవరో జడ పట్టారు. ధనమ్మ పిల్ల మెడ మీద చెయ్యేసి రుద్దుతోంది. జహంగీర్ జనాన్ని తోసుకుని వచ్చి వంగాడు, రెండు చేతులూ చాపాడు.

"అబ్బా, ముట్టుకోమాక" అంది జాహెదా.

ఊపిరి తీసుకుని, మళ్ళీ అంది. "ఫకీరును ఎత్తుకుంటే... మొక్కు చెడుద్ది. మళ్ళీ మొదటింటి కాణ్ణుంచి... నడవాల. పట్టుకున్నోళ్ళకి గూడా కీడంట."

చేతులన్నీ ఒక్కసారి వెనక్కి పోయాయి. ధనమ్మ తన చెయ్యి తానే కొంగుకు తుడుచుకుంది. అందరూ పీర్ సాహెబ్ వంక చూశారు. అలాంటి రివాజు పుట్టి బుద్ధెరిగి వినలేదని ఆయన కనుబొమ్మలే చెప్పాయి. పిల్ల వంక చూశాడు. పిల్ల ఆయన వంక చూసింది.

"విన్నారు గదా. జరగండి దూరం" అన్నాడు.

జనం జరిగారు. గాలి ఆడింది. జహంగీర్ మాత్రం చేతులు అట్లాగే చాపి, వంగి, తాకకుండా నిలబడ్డాడు. పిల్ల భుజాలు ఎగరడం తగ్గేదాకా అట్లాగే ఉన్నాడు. ఎదురుగా, అంత దగ్గర నుంచి, బిడ్డకు ఆయాసం దానంతటదే దిగడం అతను ఎప్పుడూ చూసి ఉండడు. ఎప్పుడూ మధ్యలో ఎవరో ఒకరి వీపు ఉండేది.

"పోదామా?" అన్నాడు.

"నువ్వు పక్కన రా. ఎనక రామాక, తోసినట్టుంటది."

మూడో ఇల్లు అయింది. నాలుగు, ఐదు అయ్యాయి. ఐదో ఇంటి దాకా వచ్చింది సగం మందే. మిగతావాళ్ళు దారిలోనే పీర్ల వైపు మళ్ళారు.

చావిడి దగ్గర మలీదా పంచుతుంటే మళ్ళీ అందరూ తయారు. పీరు మహిమ అన్నారు. తన మొక్కు కూడా కలిసొచ్చిందని ధనమ్మ అంది. "ఇంక ముందు జాగ్రత్త వదినా. గండం గడిచింది, ఇంక మంచం దింపమాక" అని ఖాతూన్ బీకి చెప్పి, మలీదా ముద్ద ఇంకోటి తెచ్చి జాహెదా చేతిలో పెట్టింది. పిల్ల ఆ ముద్ద తీసుకుపోయి చావిడి ముందున్న కుక్కకు వేసింది.

పండగ సెలవు అయ్యాక రిక్షా తీసుకుని వాళ్ళ గుమ్మం ముందుకు పోయాను. జాహెదా సంచి తగిలించుకుని మెట్టు మీదుంది. ఖాతూన్ బీ గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"ఎక్కు బేటీ. మొక్కు అయిపోయింది గదా."

పిల్ల ఎక్కలేదు. తండ్రి వంక చూసింది. నేనూ చూశాను. జహంగీర్ వంగి చెప్పులేసుకుంటున్నాడు. లేచి, తల్లి చెయ్యి పట్టుకుని రిక్షా దగ్గరికి నడిపించాడు.

"అమ్మా, నువ్వు ఎక్కు."

"నేనెందుకురా?"

"దాన్ని చూడకుండా నువ్వు ఉండలేవు గదా. ఎనకాల కూర్చుని చూసుకో. చెన్నయ్యా, పిల్ల నడక ఎంతుంటే అంతే తొక్కు. అది ఆగితే ఆగు. మా అమ్మ దిగుతానంటే మాత్రం బండి ఆపమాక."

ఖాతూన్ బీ రిక్షాలో, జాహెదా ముందు. నేను మధ్యలో, బ్రేకు మీద చెయ్యేసి. అంత నెమ్మదిగా తొక్కడం కష్టం, కాళ్ళు లాగుతాయి. ఆవిడ వెనక నుంచి "మెల్లిగా... అయ్యో మెల్లిగా" అంటూనే ఉంది. దారి పొడుగునా తలుపులు తెరుచుకున్నాయి. ధనమ్మ చేతిలో గరిటెతోనే బయటికి వచ్చింది. ఎత్తు మధ్యలో జాహెదా ఆగితే అందరి మెడలూ సాగాయి. కాసేపటికి పిల్ల సంచి సర్దుకుని నడిచింది.

ఇంక చూడడానికేమీ లేదని వాళ్ళు లోపలికి పోయి తలుపులేసుకున్నారు.